ఎక్కే వయసు, నిటారు మెట్లు

పాతబస్తీ ఇళ్లలో చాలా కిటికీలకు ఇనుప ఊచలు అడ్డంగానే ఉంటాయి. నేలకు రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో గట్టు, దాని మీద నాలుగైదు అంగుళాలకొక ఊచ, నడుమ ఏదో పువ్వు డిజైను. దొంగలు చొరబడకుండా, పిల్లలు బయటికి పడిపోకుండా పెట్టించిన గ్రిల్లు అది. ఏడాదిన్నర పిల్లవాడు దాన్ని ఎలా వాడుకుంటాడో ఒకసారి దగ్గర నిలబడి చూడాలి. ముందు రెండు చేతులూ చాచి ఒక ఊచ పట్టుకుంటాడు. మోకాలు గట్టు మీదికి వస్తుంది. తర్వాత కాలి బొటనవేలు కింది ఊచను వెతుక్కుంటుంది. అది దొరకగానే చేతులు పై ఊచకు మారతాయి. నిమిషం తిరక్కముందే వాడి ముఖం స్విచ్‌బోర్డుకు ఎదురుగా ఉంటుంది. ఈ ఇంట్లో "దిగురా బిడ్డా" అన్న కేక వినపడే వేళకు పక్కింట్లో "ఉతర్ బేటా, ఉతర్" అని మరో తల్లి పరుగెత్తుతూ ఉంటుంది.

కేకలు వేసిన మాత్రాన ఎక్కడం ఆగదు, ఆగకూడదు కూడా. సాయం లేకుండా కుర్చీ, సోఫా ఎక్కి దిగడాన్ని అమెరికా ప్రభుత్వ వైద్య సంస్థ సీడీసీ పద్దెనిమిది నెలల ఎదుగుదల మైలురాళ్లలో ఒకటిగా లెక్కిస్తుంది. అంటే డాక్టర్లు "వాడు ఎక్కుతున్నాడా?" అని అడిగే వయసులోనే తల్లులు "వీడు ఎక్కడం ఎప్పుడు మానతాడు?" అని అడుగుతుంటారు. కాళ్లలో బలం, చేతి పట్టు, ఒంటి తూకం, దూరం అంచనా, ఇవన్నీ ఎక్కీ దిగీ నేర్చుకునేవే. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతీ కాదు. వెన్న అందకుండా ఉట్టి కడితే రోలు బోర్లించి ఎక్కిన పిల్లవాడి కథ మన ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నదే. అందకుండా పెట్టడం ఒక్కటే చాలదని యశోదకు ఆనాడే అర్థమైంది.

పిల్లలు ఎంతగా పడతారో, ఎందుకు పడతారో శాస్త్రవేత్తలు ఓపిగ్గా లెక్కగట్టారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కరెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటున్నప్పుడు సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. ఆ పడటాల్లో చాలావరకు ఏ దెబ్బా తగలనివే. పడి లేవడమే నడక నేర్చుకునే పద్ధతి. కానీ అదే పరిశోధకురాలి మరో వరుస ప్రయోగాల్లో తేలిన సంగతి తల్లిదండ్రులు గుర్తుంచుకోదగ్గది. పాకడంలో ఆరితేరిన పిల్లలు బాగా వాలుగా ఉన్న బల్ల అంచుకు వచ్చి ఆగిపోయేవారు. ఆ పిల్లలే నడక మొదలుపెట్టిన కొత్తలో అదే వాలు మీదికి జంకు లేకుండా అడుగు వేసేవారు. పాకుతూ నేర్చుకున్న జాగ్రత్త నడకకు వెంట రాలేదు. "మొన్నటిదాకా అంచు చూస్తే ఆగేవాడు కదా" అని ధీమాగా ఉన్న ఇంట్లో ప్రమాదం సరిగ్గా అప్పుడే జరుగుతుంది.

పైగా ఆ వయసులో శరీరానికి తలే బరువు. పుట్టినప్పుడు తల మొత్తం పొడవులో దాదాపు నాలుగో వంతు. రెండేళ్లకు కూడా ఐదో వంతు ఉంటుంది. పిల్లవాడు దేని మీద నుంచైనా వంగి చూశాడంటే బరువంతా ముందుకే. అందుకే వాళ్లు తల కిందుగా పడతారు, అందుకే నీళ్ల బకెట్‌లోకి తొంగి చూసినవాళ్లు తిరిగి లేవలేరు.

ఇదంతా ఏ ఊరి పిల్లలకైనా ఒకటే. పాతబస్తీలో తేడా ఇంటిది.

1591లో చార్మినార్ చుట్టూ రూపుదిద్దుకున్న ఈ నగరం ఒకప్పుడు పక్కలకు పరుచుకున్న ఊరు. నవాబుల దేవిడీల్లోనే కాదు, మామూలు ఇళ్లలో కూడా గదుల నడుమ ఆరుబయట వాకిలి ఉండేది. పిల్లలు నేల మీదే ఆడేవారు. మహా అయితే అరుగు ఎక్కేవారు. తరాలు గడిచి ఆస్తులు పంపకాలకు వచ్చాక వాకిళ్లు వాటాలయ్యాయి. గౌలిపురా, లాల్‌దర్వాజా, అలియాబాద్, మొగల్‌పురా, యాకుత్‌పురా గల్లీల్లో ఇవాళ అరవై, డెబ్బై గజాల జాగాలో మూడంతస్తులు లేచి ఉన్నాయి. కింద ఒక అన్నదమ్ముడు, పైన ఒకడు, ఆ పైన కిరాయిదారు. ఇంటికి వెడల్పు లేదు కనుక మెట్లకూ వెడల్పు లేదు. మెట్టు ఎత్తు పెరిగింది, కాలు పెట్టే జాగా తగ్గింది. కొన్నిచోట్ల గోడకు ఆనించిన ఇనుప మెట్లే గతి. వాకిట్లో ఆడాల్సిన పిల్లవాడికి ఇప్పుడు మిగిలింది పైకి వెళ్లే దారి ఒక్కటే.

జాతీయ భవన నియమావళి ప్రకారం నివాస భవనాల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లకు, అంటే ఏడున్నర అంగుళాలకు మించకూడదు. కాలు పెట్టే పలక 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పిట్టగోడ మీటరుకు తగ్గకూడదు. చదవడానికి బాగానే ఉంది. కానీ గల్లీల్లోని ఇళ్లలో చాలావరకు మేస్త్రీ చేతి లెక్కతో లేచినవి. ఇక 2020లో తెలంగాణ తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాకా కట్టుకునే ఇళ్లకు అనుమతి అవసరమే లేకుండా చేసింది. రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. పేదవాడికి కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పింది, అది మంచిదే. అయితే మెట్టు ఎత్తు, పిట్టగోడ ఎత్తు చూసుకునే బాధ్యత పూర్తిగా ఇంటివాడి మీదా, మేస్త్రీ మీదా పడింది. ఇల్లు కట్టుకునేటప్పుడు పిల్లల పేరు చెప్పి ఆ రెండు కొలతలు అడిగి వేయించుకోవడం ఎవరికైనా సాధ్యమయ్యే పని.

పిట్టగోడ విషయం ఇంకొంచెం లోతుగా చూడాలి. రెండేళ్ల పిల్లల సగటు ఎత్తు 86, 87 సెంటీమీటర్లు. నియమం ప్రకారం కట్టిన మీటరు గోడ కూడా వాళ్ల తల మీద జానెడు లేదు. చేతులు పైకెత్తితే వేళ్లు అంచును పట్టేస్తాయి. ఇక కాలికి ఆసరా ఒక్కటి దొరికితే చాలు. ఆ ఆసరా మన మేడల మీద ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. తులసి కుండీ, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, మిగిలిపోయిన ఇటుకల వరస, పాత కూలర్ డబ్బా, నీళ్ల ట్యాంకు కింది దిమ్మె. గాలి కోసం పిట్టగోడలో సిమెంటు జాలీ పెట్టించినచోట ఆ కన్నాలే మెట్లు. కొత్త ఇళ్లలో మోజుగా వేయించే స్టీలు రెయిలింగు మరీ ప్రమాదం. మూడు నాలుగు గొట్టాలు అడ్డంగా, మెరుస్తూ, సరిగ్గా పిల్లల పాదానికి సరిపోయే ఎడంతో ఉంటాయి. కిటికీ గ్రిల్లు ఎక్కినవాడు మహా అయితే గదిలోకే వెనక్కి పడతాడు. బాల్కనీ రెయిలింగు ఎక్కినవాడికి అవతల గల్లీ ఉంది.

మరమ్మతుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. గల్లీ చివర వెల్డింగు షాపులో చెబితే అడ్డ గొట్టాలకు లోపలివైపు నిలువు ఊచలు అతికిస్తాడు. ఎడం నాలుగు అంగుళాల లోపే ఉండాలి. చిన్నపిల్లల ఒళ్లు దూరినా తల దూరక ఇరుక్కుపోయే ప్రమాదం అంతకు మించిన సందుల్లోనే. టేపు లేకపోతే చేత్తోనే కొలవొచ్చు. బొటనవేలు వదిలి నాలుగు వేళ్లు కలిపితే పెద్దల చెయ్యి మూడు, మూడున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. ఆ చెయ్యి అడ్డంగా పెడితే పక్కన మరో వేలికి మించి జాగా మిగలకూడదు. కిరాయి ఇంట్లో వెల్డింగుకు యజమాని ఒప్పుకోకపోతే గట్టి ప్లాస్టిక్ షీటును లోపలివైపు నుంచి తీగతో బిగించుకోవచ్చు. కాలు పెట్టడానికి అంచు దొరకకపోవడమే దాని పని. దోమల జాలీని మాత్రం నమ్మొద్దు. అది దోమను ఆపుతుంది, పిల్లవాడి బరువును ఆపదు.

కిటికీల సంగతిలో ఒక నగరం మొత్తం తలచుకుంటే ఏం జరుగుతుందో న్యూయార్క్ చూపించింది. అక్కడి ఆరోగ్య శాఖ 1972లో 'చిల్డ్రన్ కాంట్ ఫ్లై' పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. కిటికీల్లోంచి పిల్లలు ఎక్కువగా పడుతున్న బీదవాడల్లో ఇంటింటికీ తిరిగి తల్లులకు చెప్పడం, ఉచితంగా కిటికీ కడ్డీలు ఇవ్వడం, పడిన ప్రతి పిల్లవాడి వివరం నమోదు చేయడం, ఇంతే పని. బ్రాంక్స్ ప్రాంతంలో రెండేళ్లలో అలా పడటాలు సగానికి తగ్గాయి. 1976లో నగరం చట్టం తెచ్చింది. పదేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలున్న ఫ్లాటులో కిటికీలకు కడ్డీలు బిగించాల్సింది ఇంటి యజమాని. కిరాయికి ఇచ్చేవాడికి కిరాయిదారు పిల్లల ప్రాణంతో సంబంధం ఉందని అక్కడ చట్టమే చెప్పింది. కిరాయి ఇళ్లు ఇంత దట్టంగా ఉన్న హైదరాబాద్‌లోనూ అలాంటి నిబంధన ఉండితీరాలి.

చట్టం వచ్చేలోగా పండుగలు వస్తాయి. సంక్రాంతికి పాతబస్తీ అంతా మేడల మీదే ఉంటుంది. పతంగి వేసేవాడి చూపు ఆకాశం మీద, చెయ్యి మాంజా మీద. వాడి వెనకాలే మెట్లెక్కి వచ్చిన చిన్న తమ్ముణ్ని ఎవరూ చూడరు. పతంగులు ఎగరేస్తూ మేడ మీద నుంచి పడిన వార్త లేకుండా నగరంలో సంక్రాంతి గడవడం అరుదు. లాల్‌దర్వాజా బోనాల ఊరేగింపు, దబీర్‌పురా నుంచి బయలుదేరే బీబీ కా ఆలం, చార్మినార్ మీదుగా సాగే గణేశ్ నిమజ్జనం, ఏది వచ్చినా బాల్కనీల్లో జనం కిక్కిరిసిపోతారు. బాగా కనబడాలని పిల్లల్ని పిట్టగోడ మీద కూర్చోబెట్టే అలవాటు చాలామందికి ఉంది. నడుము చుట్టూ చెయ్యి ఉందిలే అనుకుంటారు. వెనక నుంచి ఒక్క తోపు చాలు. ఆ గోడ మీదికి ఎక్కించింది మనమే అయినప్పుడు, మర్నాడు వాడే ఎక్కితే వద్దని ఏ నోటితో చెబుతాం?

మెట్ల దగ్గర పని తేలిక. పైనొకటి, కిందొకటి తలుపు కావాలి. బజారులో దొరికే పిల్లల గేట్లు కొన్ని గోడల మధ్య ఒత్తిడితో నిలబడేవి. కింది మెట్టు దగ్గర అవి సరిపోతాయి. పై మెట్టు దగ్గర మాత్రం గోడకు స్క్రూలతో బిగించిందే ఉండాలి, అది మెట్ల మీదికి కాకుండా లోపలికి తెరుచుకోవాలి. ఒత్తిడి గేటును ఆనుకుని పిల్లవాడు ఊగితే గేటుతో సహా దొర్లిపోతాడు. వెల్డరు చేత చేయించుకుంటే రెండున్నర అడుగులకు తగ్గకుండా, నిలువు ఊచలతో చేయించాలి. పాత ఇళ్ల మెట్లు చాలావరకు తాండూరు, షాబాద్ బండలవి. తడిస్తే జారతాయి, అంచు తగిలితే చీరుకుంటుంది. మెట్టు అంచుకు గరుకు టేపు అంటించుకోవడం, కింది మెట్టు దగ్గర చెప్పులు, బకెట్లు, సైకిలు లేకుండా చూసుకోవడం ఆ ఇంటి ముసలివాళ్లకూ మేలు చేస్తుంది.

ఇక్కడే వాకర్ గురించి ఒక మాట. చక్రాల వాకర్‌లో కూర్చోబెడితే త్వరగా నడక వస్తుందని పుట్టినరోజుకు కానుకగా తెస్తుంటారు. దానివల్ల నడక ముందుగా రాదు. వాకర్‌లోని పిల్లవాడు ఒక్క సెకనులో మూడడుగులకు పైగా దూసుకుపోగలడు. తల్లి తలెత్తేలోపు మెట్ల అంచు వచ్చేస్తుంది. 1990 నుంచి 2014 దాకా అమెరికాలో వాకర్ల వల్ల 2,30,000 మందికి పైగా పసిపిల్లలు ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చారని 2018లో వెలువడిన అధ్యయనం లెక్క తేల్చింది. వారిలో నాలుగింట మూడొంతుల మంది మెట్ల మీద నుంచి దొర్లినవాళ్లే. కెనడా 2004లోనే వాకర్ల అమ్మకాన్ని పూర్తిగా నిషేధించింది. మెట్లున్న ఇంట్లోకి దాన్ని రానివ్వకపోవడమే మంచిది.

బరువైన సామాను దగ్గర తల్లిదండ్రుల నమ్మకం తరచూ తప్పుతుంది. "ఇనుప బీరువా, నలుగురు మోస్తే గానీ కదలదు, పిల్లగాడు ఏం పడేస్తాడు?" అంటారు. నేల చదునుగా, తలుపులు మూసి ఉన్నంతసేపు ఆ మాట నిజం. బండలు ఎగుడుదిగుడుగా ఉండి, ముందు కాళ్ల కింద చెక్కముక్క లేక, తలుపు తెరిచి ఉన్నప్పుడు పిల్లవాడు కింది అర మీద నిలబడి తలుపుకు వేలాడితే బరువంతా ముందుకు వస్తుంది. సొరుగుల బల్ల ఇంకా త్వరగా ఒరుగుతుంది. కింది నుంచి ఒక్కో సొరుగు లాగి మెట్లలా ఎక్కేస్తారు. తెరిచిన ప్రతి సొరుగూ బల్లను ముందుకే లాగుతుంది. పైన టీవీ ఉంటే అదీ వాడి మీదికే.

ఐకియా సంస్థ 2016 జూన్‌లో అమెరికాలో దాదాపు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బల్లల్ని వెనక్కి పిలిచింది. అవి మీద పడి పసిపిల్లలు చనిపోయిన తర్వాత తీసుకున్న నిర్ణయం అది. ఆ దేశంలో తల్లిదండ్రుల పోరాటం ఫలితంగా 2022 చివర్లో స్టర్డీ చట్టం వచ్చింది. 27 కిలోల పిల్లవాడు ఎక్కినా, సొరుగులన్నీ తెరిచి ఉన్నా, కింద తివాచీ పరిచినా బల్ల ఒరగకూడదని పరీక్షించాకే అమ్మాలి. అదే ఐకియా భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టులో మన హైదరాబాద్‌లోనే తెరిచింది. గోడకు బిగించే పట్టీలు అటువంటి సామానుతో పాటే వస్తాయి. చాలా ఇళ్లలో ఆ పట్టీలు అట్టపెట్టెతో పాటే చెత్తబుట్టలోకి పోతాయి. మన బీరువాకు అవి లేకపోయినా ఏ వడ్రంగినైనా పిలిస్తే గోడకు డ్రిల్లు వేసి, ప్లగ్గులు కొట్టి, రెండు ఎల్ క్లాంపులు బిగిస్తాడు. అరగంట పని. పాత సున్నపు గోడలైతే ప్లగ్గు నిలవదు. అప్పుడు గోడ కాకుండా చౌకట్టునో, పిల్లరునో చూసుకోవాలి, లేదా కనీసం బీరువాకు తాళం వేసి చెవి తీసేయాలి.

ఎక్కడం మొదలయ్యాక ఇంటి నియమం ఒకటి తలకిందులవుతుంది. అప్పటిదాకా ప్రమాదకరమైనదేదైనా పైన పెడితే సరిపోయేది. గూట్లో బాత్‌రూమ్ యాసిడ్ సీసా, ఫ్రిజ్ మీద తాతయ్య బీపీ మాత్రలు, సజ్జ మీద కిరోసిన్ డబ్బా. ఎక్కేవాడికి ఎత్తు అడ్డు కాదు, తాళం అడ్డు. గ్యాస్ బండ మీద కాలు పెట్టి వంటగట్టు ఎక్కి, అక్కడ నుంచి గూటిని అందుకోవడం పిల్లలు తమంతట తామే కనిపెట్టే దారి. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గాజుల మీద రాళ్లు అద్దే పని ఎందరో ఆడవాళ్లు ఇళ్లలోనే చేస్తారు. జర్దోజీ, అగరుబత్తుల పనీ అంతే. పని, వంట, పడక అన్నీ ఒక్క గదిలో. జిగురు, సూదులు, చిన్న రాళ్లు, కుంపటి, వీటన్నిటికీ "పైన" అన్నదే ఇన్నాళ్లూ చోటు. ఒక ఇనుప ట్రంకు పెట్టె, దానికో తాళం, పని అయిపోగానే అందులో వేసి మూసే అలవాటు ఈ గదిలో ఎక్కువ అక్కరకొస్తాయి.

ఎండాకాలం కూలర్ వస్తుంది. కిటికీకి ఆనించి ఇనుప స్టాండు మీద నిలబెడతారు. స్టాండు కాళ్లను కలిపే అడ్డ కడ్డీలు మళ్లీ నిచ్చెనే. నీళ్లు, ఇనుప రేకు, కరెంటు, తడి కాళ్లు ఒకేచోట కలుస్తాయి. ఎర్తింగ్ సరిగా లేని కూలర్ పెద్దవాళ్ల ప్రాణాలే తీస్తుంది. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే కరెంటు లీకైన క్షణంలో సరఫరా ఆగిపోతుంది. పిల్లలున్న ఇంట్లో మరే అలంకరణ కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు అది.

నల్లా నీళ్లు రోజూ రాని గల్లీల్లో నీళ్ల డ్రమ్ములు, సంపులు తప్పవు. డ్రమ్ము పక్కన పీట ఉంటే పిల్లవాడు ఎక్కి తొంగి చూస్తాడు. తల బరువు సంగతి ముందే చెప్పుకున్నాం. నీళ్లు పట్టే వేళే సంపు మూత తెరిచి ఉంటుంది, అందరూ హడావుడిలో ఉండేదీ ఆ వేళే. మూతకు కొండీ, తాళం ఉండాలి. పైపు దూరడానికి మూతలో చిన్న కన్నం పెట్టించుకుంటే మూత తీయకుండానే నీళ్లు నింపుకోవచ్చు.

ఒంటి మీద వస్తువుల్నీ చూసుకోవాలి. మెడలో నల్లతాడు, తావీజు తాడు గ్రిల్లుకు తగులుకుంటే, కాలు జారినప్పుడు అదే ఉరి అవుతుంది. దిష్టి కోసం కట్టేదైతే మొలకు కట్టొచ్చు. నున్నటి బండల మీద సాక్సుల కన్నా వట్టి కాళ్లే నయం, వేళ్లకు పట్టు దొరుకుతుంది.

ఇవన్నీ ఇంటికి చేసే మరమ్మతులు. పిల్లవాడికి నేర్పాల్సింది ఒకటుంది, అది దిగడం. పిల్లలు మెట్లు ఎక్కడం ముందు నేర్చుకుంటారు, దిగడం తర్వాత. ఈ నడుమ రోజులే అసలు గండం. పైకి వెళ్లగలడు, వెనక్కి రాలేడు. దివాను మీద కూర్చోబెట్టి, బోర్లా తిప్పి, కడుపు అంచుకు ఆనించి, కాళ్లు ముందు కిందికి జార్చడం చూపిస్తే కొద్దిరోజుల్లోనే పట్టుకుంటారు. ప్రతిసారీ "కాళ్లు, కాళ్లు" అని ఒకే మాట చెబుతుంటే ఆ మాట వినగానే తిరగడం అలవాటవుతుంది. మంచం మీద వచ్చాక రెండు మెట్ల మీద, ఆ తర్వాత నాలుగు మెట్ల మీద, పెద్దవాళ్లు ఎప్పుడూ కింది మెట్టు మీద నిలబడి నేర్పించాలి.

ఎత్తు మీద ఉన్నవాణ్ని చూసి కెవ్వున అరవకూడదు. ఉలిక్కిపడి చెయ్యి వదిలేస్తాడు. మాట్లాడకుండా దగ్గరికి వెళ్లి, పట్టుకుని, అప్పుడు చెప్పాలి. చప్పట్లు కొట్టి నవ్వడం, ఫోనులో వీడియో తీయడం కూడా అంతే చెడ్డవి. ఈ రోజు చప్పట్లు తెచ్చిన పనిని రేపు మానమంటే ఏ పిల్లవాడూ మానడు.

ఎక్కాలన్న ఆరాటానికి తీరే చోటు కూడా చూపించాలి. గది మూలన పాత పరుపు, రెండు బొంతలు, దిండ్లు గుట్టగా వేస్తే అదే కొండ. అడుగు ఎత్తు పీట పక్కన అడుగున్నర దివాను ఉంటే రోజంతా ఎక్కి దిగుతారు. పాతబస్తీలో ఆటస్థలాలు తక్కువే అయినా బహదూర్‌పురాలో 1963లో తెరిచిన నెహ్రూ జూ పార్కు ఉంది. వారానికోసారి అక్కడి గడ్డి మీద వదిలితే ఆ రోజు రాత్రి కిటికీ ఊచల జోలికి వెళ్లే ఓపిక వాడికి ఉండదు.

ఎంత చేసినా ఒక మనిషి కన్ను కావాలి. ఇక్కడే ప్రభుత్వ ఏర్పాటులోని ఖాళీ కనబడుతుంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలో కూర్చోబెట్టి చూసుకునేది ప్రధానంగా మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్ని. మూడేళ్ల లోపు వాళ్లకు తెలంగాణలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇంటికి వస్తుంది. తిండి వస్తుంది, చూసే మనిషి రాదు. ఎక్కే వయసు సరిగ్గా ఆ ఒకటి నుంచి మూడేళ్ల నడుమే. బంగ్లాదేశ్ పల్లెల్లో 'ఆంచల్' పేరుతో ఊరి ఆడవాళ్లే నడిపే చిన్న శిశు కేంద్రాల్లో ఐదేళ్ల లోపు పిల్లల్ని పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, అంటే తల్లులు ఇంటి పనుల్లో మునిగి ఉండే వేళ, కూర్చోబెట్టారు. అక్కడ పెద్ద గండం చెరువులు. కేంద్రానికి వచ్చిన పిల్లల్లో నీట మునిగి చనిపోవడం 80 శాతానికి పైగా తగ్గింది. కొత్త మందు లేదు, యంత్రం లేదు, రోజుకు నాలుగు గంటలు ఒక మనిషి చూడటం, అంతే. మన దేశంలోనూ పాల్నా పథకం కింద ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అంగన్‌వాడీలకు జోడించి శిశు కేంద్రాలు తెరుస్తున్నారు. ఇంట్లో గాజుల పని చేసుకునే తల్లులున్న గల్లీల కన్నా వాటి అవసరం ఎక్కువగా ఉన్నచోటు దొరకదు. అవి వచ్చేదాకా నలుగురు తల్లులు వంతులు వేసుకుని ఒక్కొక్కరు రెండు గంటలు చూసుకోవడం ఈ బస్తీలకు కొత్త కాదు. ఆ వంతులో ఉన్నవాళ్లకు ఆ రెండు గంటలూ వేరే పని పెట్టకపోవడం ముఖ్యం. "అన్నను చూసుకోమన్నా" అనడం చాలదు, ఆ అన్నకు ఆరేళ్లు.

ఇన్ని చేసినా పడితే ఏం చేయాలి? వెంటనే ఏడ్చి, కాసేపటికి ఆటలో పడితే సాధారణంగా భయం లేదు. బొప్పి కడితే చల్లని తడిగుడ్డ పెట్టాలి, గట్టిగా రుద్దకూడదు. రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకోవాలి. పసుపు, కాఫీ పొడి కూరితే డాక్టరు గాయం కడగడమే కష్టమవుతుంది. నుదుటి మీద బొప్పి కన్నా తల పక్కన, వెనక మెత్తగా ఉబ్బిన వాపును ఎక్కువగా అనుమానించాలి. స్పృహ తప్పడం, పదే పదే వాంతులు, ఫిట్స్, ఎంత ఊరుకోబెట్టినా ఆగని ఏడుపు, పిలిచినా లేవనంత మగత, చెవి ముక్కుల్లోంచి రక్తమో నీళ్లలాంటి ద్రవమో కారడం, ఒక చెయ్యో కాలో కదపకపోవడం, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆగకూడదు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పై అంతస్తు నుంచి పడినవాణ్ని అమాంతం ఎత్తి భుజాన వేసుకోకూడదు. తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు కలిసి పట్టుకోవాలి.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవకు ఫోన్ చేసేటప్పుడు గల్లీ పేరుతో పాటు దగ్గరున్న కమాన్, గుడి, మసీదు పేరు చెప్పి, ఒకరు పెద్దరోడ్డు మీదికి వెళ్లి నిలబడితే బండి వెతుక్కునే సమయం మిగులుతుంది. పిల్లల కోసం 1953లో ఏర్పడిన నీలోఫర్ ఆసుపత్రి మూసీ అవతల రెడ్‌హిల్స్‌లో ఉంది. ఉస్మానియా నయాపూల్ దాటగానే, నది ఒడ్డునే ఉంటుంది. పురానీ హవేలీలో దుర్రె షహ్వార్ పిల్లల ఆసుపత్రి ఉంది. ఇంటి నుంచి ఏది దగ్గరో, రాత్రివేళ ఏ దారిన వెళ్లాలో ముందే అనుకుని ఉండాలి.

అక్కడ డాక్టరు మొదట అడిగేది ఎత్తు. రెండేళ్ల లోపు పిల్లలు మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడితే దాన్ని తీవ్రమైన దెబ్బగా లెక్కించి జాగ్రత్తగా చూస్తారు. 42,000 మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2009లో అమెరికా వైద్యులు ప్రచురించిన అధ్యయనంతో స్థిరపడిన కొలత అది. దివాను దానికి కింద ఉంటుంది. వంటగట్టు ఇంచుమించు అంతే. గట్టెక్కి ఊచల మీదుగా పైకి పాకినవాడు దాన్ని దాటేసినట్టే. అందుకే తీసుకెళ్లేవాళ్లు నాలుగు సంగతులు గుర్తు పెట్టుకుని చెప్పాలి: దేని మీద నుంచి పడ్డాడు, బండ మీద పడ్డాడా పరుపు మీద పడ్డాడా, ఎన్ని గంటలకు పడ్డాడు, పడగానే ఏడ్చాడా లేదా. తల్లి భయంలో ఉంటే ఈ మాటలు ఆ సమయంలో ఇంట్లో ఉన్న ఇంకెవరైనా వెంట వెళ్లి చెప్పాలి. ఎవరైనా తిడతారని ఎత్తు తగ్గించి చెబితే డాక్టరు చేయాల్సిన పరీక్ష చేయకుండా పంపించే ప్రమాదం ఉంది.